పారదర్శకపక్ష శలభములు: వానిని గుర్తించు విధము

పొలుసులతో కప్పబడిన రెక్కలు కలిగియుండుట సీతాకోకచిలుకలకును శలభములకును సామాన్యలక్షణమై, దానిని బట్టియే శాస్త్రజ్ఞులు వానినన్నింటిని లెపిడోప్టెరా అను ఒక్క క్రమమున చేర్చియుండగా, ఆ పొలుసులనే చాలవరకు విడనాడి, ఆవలనున్న ఆకును పువ్వును గాజుపలకవలె కనబడనిచ్చు రెక్కలతో పట్టపగలు సంచరించు కొన్ని శలభములు కలవు. వీనికి పారదర్శకపక్ష శలభములని పేరు. నిష్కృష్టముగా చెప్పవలెనన్న ఈ పేరు సెసియిడే అను ఒక్క కుటుంబమునకే చెల్లును. లోకమున ఈ కుటుంబపు జాతులు 1,400కు పైగా గుర్తింపబడినవి. కాని వ్యవహారమున స్ఫింజిడే అను శ్యేనశలభముల కుటుంబములోని కొన్నింటికిని, ఎరెబిడే కుటుంబమున చేరిన సింటోమిడ్ శలభములకును గూడ అదే పేరు వాడుచున్నారు. ఈ మూడు వంశములును పరస్పరము సన్నిహితములు కావు. పొలుసులు రాల్చుకొను విద్యను ఒక్కొక్కటి వేరువేరుగా అలవరచుకొన్నవి. కావున స్వచ్ఛమైన రెక్కను మాత్రమే చూచి పేరు నిర్ణయింపబూనినవాడు మొదటి అడుగులోనే త్రోవ తప్పుట తథ్యము.

ఈ పొరపాటు సామాన్యునకే పరిమితమైనది కాదు. జీవరాశుల నామకరణమునకు పితామహుడైన లిన్నేయస్ స్ఫింక్స్ అను ఒక్క ప్రజాతిలోనే శ్యేనశలభములను, సింటోమిడ్ శలభములను, సెసియిడ్ శలభములను కలిపివైచెను. ఐరోపాలోని ఫీజియా అను సింటోమిడ్ శలభము 1758లోను, మన దేశమున విస్తారముగా నున్న హైలస్ అను శ్యేనశలభము 1771లోను ఆయన చేతిమీదుగా ఆ ప్రజాతి పేరుతోనే శాస్త్రలోకమున ప్రవేశించినవి. వానిని విడదీయు పని పిమ్మటివారికి మిగిలెను. నీలగిరులలో కొంతకాలము తేయాకు తోటలు సాగుచేసి, పిమ్మట లండనులోని బ్రిటిష్ మ్యూజియమున శలభశాస్త్రమునకే అంకితుడైన సర్ జార్జి హాంప్సన్, ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో శలభములకు కేటాయింపబడిన సంపుటములలో మొదటిదానిని 1892లో వెలువరించినాడు. మన దేశపు శ్యేనశలభములు, సింటోమిడ్లు, సెసియిడ్లు అందు వేరువేరు కుటుంబములుగా వర్ణింపబడినవి. శ్యేనశలభములకు ప్రత్యేకముగా బెల్, స్కాట్ అను నిరువురు రచించిన అయిదవ సంపుటము 1937లో వెలువడెను. వీరిలో బెల్ ఉత్తర కన్నడ ప్రాంతమున అటవీశాఖాధికారిగా నుండి, గొంగళిపురుగులను తానే సాకి వాని జీవితచరిత్రలను వ్రాసినవాడగుటచే, ఆ గ్రంథము నేటికిని పాతబడలేదు.

తెలుగుదేశమున ఈ శలభములను వెదకబోవువానికి లింగాల ఘనపూర్ వంటి చోటు అనుకూలమైనది. పూర్వము వరంగల్ జిల్లాలో నుండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరిన ఈ మండలము దట్టమైన అరణ్యసీమ కాదు. రాతిగుట్టలు, వాని నడుమ చెల్కలు, చెరువులు, కుంటలు, వరి పొలములు, పత్తిచేలు, గట్లమీది తుమ్మలు, మోదుగలు, పరికికంపలు, శ్రీరామచంద్రుని క్షేత్రమైన జీడికల్ గుట్ట వంటి మెరకలమీద మిగిలిన పొదలడవి, ఇదియే ఇచటి ప్రకృతి. సూర్యరశ్మిని కోరి పగలు తిరుగు శలభములకు ఇట్టి బయలుప్రదేశములు దట్టమైన అడవికంటె ప్రీతికరములు. వానలు పడి లేతచిగుళ్లు వేసిన నాటినుండి చలికాలము ముదురువరకు వెదకుటకు తగిన కాలము. ఎండ వేడెక్కి పువ్వులలో తేనె ఊరు ఉదయపు వేళ తగిన సమయము. దీపము వెలిగించి శలభములను రప్పించు అలవాటుగల పరిశీలకుడు ఈ వర్గము విషయమున ఆ అలవాటును మానుకొనవలసియుండును.

కనబడినది శలభమా కాదా యనునది మొదటి ప్రశ్న. దూరమునుండి చూచినవారు కందిరీగ యనియో, కుమ్మరిపురుగనియో, తుమ్మెద యనియో తలంచి తప్పుకొనుటయే వాడుక. ఆ భ్రాంతిని కలిగించుటయే ఈ శలభముల జీవనోపాయము కావున, చూపరిని నిందింప పనిలేదు. కందిరీగకు వక్షమునకును ఉదరమునకును నడుమ సన్నని నడుము స్పష్టముగా నుండును. శలభమునకు అట్టి నడుము లేదు. అనేకజాతులలో ఆ చోట తెల్లని గాని పసుపుపచ్చని గాని పట్టీ యుండి, నడుము సన్నగిల్లినట్లు కంటిని మభ్యపెట్టుచుండును. కందిరీగ నోట కొరుకు దవడలుండగా, శలభమునకు చుట్టచుట్టుకొనిన తుండముండును. ఈగజాతులకు రెక్కలు ఒక్క జతయే. శలభమునకు రెండు జతలు. రెక్క ఎంత స్వచ్ఛమైనను దాని అంచులవెంటను ఈనెలవెంటను పొలుసులు మిగిలియే యుండును, అంచున సన్నని కుచ్చు కూడ కనబడును. దేహమును వ్రేలితో తాకినచో పొడి అంటును. ఈ చివరి పరీక్ష నిశ్చయమైనదే గాని, తాకబోయినది నిజముగా కందిరీగయే యైనచో దాని ఫలితము వేరుగా నుండును. అందుచేత కంటితో చూచి, ఛాయాచిత్రము తీసికొని, పిమ్మట విచారించుట మేలు.

శలభమే యని తేలిన తరువాత దాని పరిమాణమును, ఎగురు రీతిని గమనింపవలెను. పువ్వుమీద వ్రాలక, దానియెదుట గాలిలో నిలిచి, తుండమును చాచి తేనె త్రాగి, రెప్పపాటులో మరొక పువ్వునొద్దకు తరలిపోవునది శ్యేనశలభము. మన మైదానములలో ఇట్టి పారదర్శకపక్షములు గల శ్యేనశలభము ప్రధానముగా సెఫనోడెస్ హైలస్. దానివలెనే స్వచ్ఛమైన రెక్కలు గల హేమారిస్ ప్రజాతి మన దేశమున హిమాలయప్రాంతములకు చెందినది కాగా, దాని రెక్కల అంచున వెడల్పైన గోధుమవర్ణపు పట్టీ యుండును. సెఫనోడెస్ రెక్కల అంచు సన్నని నల్లగీత మాత్రమే. రెక్కలు చాచినప్పుడు ఈ కొనకు ఆ కొనకు 45 మొదలు 73 మిల్లీమీటర్లవరకు ఉండును. పొడవైన ముందురెక్కలు కొనదేలి, వెనుకరెక్కలు చిన్నవై, నల్లని ఈనెలు స్పష్టముగా కనబడును. బలిష్ఠమైన దేహము పైభాగమున ఆకుపచ్చ కలిసిన పసుపువర్ణము కలిగి, ఉదరమధ్యమున ముదురు పట్టీతో నుండి, తుదిని విప్పారు రోమగుచ్ఛముతో ముగియును. మీసములు కొనవైపు లావెక్కి, చివర కొక్కెమువలె వంగును. తేనెపిట్ట యని దీనిని చూచి భ్రమపడువారు కలరు. అమెజాను నదీతీరముల పదునొకొండేండ్లు తిరిగిన హెన్రీ వాల్టర్ బేట్స్ అంతటివాడే, తేనెత్రాగు చిన్నపక్షి యనుకొని తాను అనేకపర్యాయములు ఒక శ్యేనశలభమును తుపాకితో కాల్చినట్లు 1863లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున వ్రాసికొనెను.

హైలస్ శలభమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసిన విషయమొకటి కలదు. కోశస్థదశనుండి వెలువడిన వెంటనే దాని రెక్కలు పారదర్శకములు కావు! తడియారుచున్న రెక్కలమీద బూడిదవర్ణపు పొలుసులు పలుచగా పరచుకొనియుండును. ఇతర శలభముల పొలుసులు రెక్కపొరలో గట్టిగా నాటుకొనియుండగా ఇవి వదులుగా అంటియుండుటచేత, శలభము ఎగురబోవుచు రెక్కలను త్వరితముగా అదల్చినంతనే ఆ పొలుసులన్నియు పొగవలె లేచి రాలిపోవును. ఆ క్షణమునకు ముందు ఛాయాచిత్రము తీసినవాడును, పిమ్మట తీసినవాడును తమ తమ పటములను ప్రక్కప్రక్కన పెట్టుకొన్నచో అవి రెండు వేరు జాతులని వాదులాడుకొనుటకు అవకాశమున్నది. రాలిన పిదప మిగిలిన పొర కేవలము పలుచని చర్మము కాదు. 1997లో జపాను శాస్త్రజ్ఞులు ఈ శలభపు రెక్కనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాని ఉపరితలమంతయు మిల్లీమీటరులో వెయ్యవవంతుకంటె చిన్నవైన బుడిపెలతో క్రమముగా నిండియున్నదనియు, వెలుతురు పరావర్తనము చెంది తళుక్కుమనకుండ ఆ బుడిపెలు అడ్డుపడుచున్నవనియు తెలిపిరి. రాత్రి తిరుగు శలభముల కంటిపొరమీద ఇట్టి బుడిపెలే యున్నట్లు అంతకు మున్నే, 1962లో, బెర్న్‌హార్డ్, మిల్లర్ అను పరిశోధకులు కనుగొనియుండిరి. వెలుతురును లోనికి రానిచ్చు నిర్మాణము కంటికిని, వెలుతురును దాటిపోనిచ్చు అదే నిర్మాణము రెక్కకును ఉపయోగపడుట ప్రకృతియందలి పొదుపునకు నిదర్శనము.

హైలస్‌ను కనుగొనుటకు పువ్వుకంటె ఆకే నమ్మదగిన ఆధారము. దాని గొంగళిపురుగులు కాఫీ కుటుంబపు మొక్కలను తినును. అడవిలో బిక్కిచెట్లు, పెరటిలో గంధరాజము, కొండసీమలలో కాఫీ తోటలు వానికి ఆహారము. లింగాల ఘనపూర్ వంటి ఊళ్లలో గుట్టవాలులను వెదకుటకు ముందు గంధరాజపు మొక్కలున్న పెరళ్లను పరికించుట తెలివైన పని. లేత ఆకులమీద గ్రుడ్లు ఒంటరిగా పెట్టబడును. పురుగు సాధారణముగా ఆకుపచ్చనిది, ప్రక్కలవెంట లేతగీత కలది, తోకచివర కొమ్ము కలది. కొన్ని నల్లగా కూడ నుండును. తోట యజమానులు ఆ కొమ్మును చూచి విషముండునేమోయని భయపడుదురు గాని అది నిరపాయమైనది. పెరిగిన పురుగు చెట్టు దిగి రాలిన ఆకుల మాటున కోశస్థమగును.

గడ్డిపరకలమీద, కంపలమీద రెక్కలు చాచి కూర్చుండి, తరిమినను కొంచెము దూరము మెల్లగా ఎగిరి మరల వ్రాలునది సింటోమిడ్ శలభము. దీనిని గుర్తించుటకు అట్టే శ్రమ అక్కరలేదు. నల్లని రెక్కలలో అచ్చటచ్చట స్వచ్ఛమైన గవాక్షములు, ఉదరముమీద పసుపుపచ్చని పట్టీలు, ముందురెక్కలకంటె మిక్కిలి చిన్నవైన వెనుకరెక్కలు దీని లక్షణములు. దక్షిణదేశమున ప్రసిద్ధమైనది అమాటా పాసాలిస్. దీనిని ఫబ్రీషియస్ 1781లో వర్ణించెను. గంధపుచెట్ల ఆకులను తిను పురుగుగా అటవీశాఖవారికి ఇది చిరపరిచితము. ఈ వర్గపు పురుగులు రోమశములు, ఆకులు తినునవి. ఆడమగలు తోకలు కలిపి చాలసేపు కదలక యుండుటచే ఛాయాగ్రాహకులకు ఇంతకంటె సులభముగా చిక్కు శలభము లేదు. అయినను ఒకదానినొకటి పోలిన జాతులు పెక్కు కలవు. గవాక్షముల సంఖ్యయు ఆకారమును, నుదుటి రంగును, పట్టీల స్థానమును సరిచూడక జాతినామము వ్రాయరాదు.

ఇక నిజమైన పారదర్శకపక్షములు, సెసియిడ్ కుటుంబమువి, కంటబడుటయే అరుదు. పరిమాణమున చిన్నవగుటయు, వేగముగా ఎగురుటయు, రెక్కలు వచ్చిన శలభరూపమున అల్పకాలమే బ్రదుకుటయు ఇందుకు కారణములు. శేషజీవితమంతయు కాండములోనో వేరులోనో తొలిచిన సొరంగమున గడచిపోవును. వీని ముందురెక్క సన్ననిది, తరచుగా దాని నడుమ అడ్డముగా నల్లనిగుర్తు కలది. వెనుకరెక్క అంతకంటె వెడల్పై దాదాపు పూర్తిగా స్వచ్ఛమైనది. ఇది సింటోమిడ్ల అమరికకు సరిగా విరుద్ధము. మీసము చివరకు ముందు లావెక్కి, కొనయందు చిన్న రోమగుచ్ఛము కలిగియుండును. ముందురెక్క వెనుకటి అంచు క్రిందికిని, వెనుకరెక్క ముందటి అంచు పైకిని మడిగి ఒకదానిలో నొకటి తగుల్కొనుటచే రెండు రెక్కలును ఒక్క రెక్కవలె ఆడును. కందిరీగలు కొక్కెములతో సాధించిన పనిని ఇవి మడతలతో సాధించినవి.

మన పల్లెలలో సెసియిడ్లను వెదకదగిన చోటు కూరగాయల పందిరి. మెలీషియా యురీషియన్ అను జాతి పొట్లపాదులకు కాండము తొలుచు పురుగుగా వ్యవసాయశాస్త్ర గ్రంథములలో పేర్కొనబడియున్నది. తీగెలోనికి పురుగు చొచ్చిన చోట కాండము బుడిపెగా ఉబ్బును, రంధ్రమునుండి పిప్పి వెలికివచ్చును. నీరు పెట్టినను తీగె వాడిపోవుచుండుటను చూచి రైతు వేరుకుళ్లు తెగులని తలంచుట కలదు. ఉబ్బిన చోట నిలువున కోసి చూచినచో పురుగు లోపలనే యుండును. రెక్కలు వచ్చిన మెలీషియా శలభమును గుర్తించుటకు వెనుకకాళ్లను చూడవలెను. మరి యే శలభమునందును కానరానంత దట్టమైన రోమములతో అవి దేహమునకు మించిన బరువు మోయుచున్నట్లు కనబడును. అది ఎండలో ఆకుమీద వ్రాలి ఈ కాళ్లను చాచుకొనినప్పుడు, కాళ్ల నిండ పుప్పొడి మూటకట్టుకొనిన తేనెటీగగా పొరబడనివారు అరుదు.

పందిరికిందనే మరొక మోసము పొంచియున్నది. దోస, బీర, కాకర, ఆనిగెపు పాదుల ఆకులను గూడుకట్టి తిను డయాఫేనియా ఇండికా అను పురుగునుండి వెలువడు శలభమునకు రెక్కల మధ్యభాగము ముత్యపుఛాయతో మెరయు తెలుపై, చుట్టును వెడల్పైన నల్లని అంచు కలిగి, తోకచివర రోమగుచ్ఛముండును. ఛాయాచిత్రమున ఆ తెల్లనిభాగము స్వచ్ఛముగా కనబడుటచే అనేకులు దీనిని పారదర్శకపక్షముగా భావింతురు. కాని ఆ భాగము పొలుసులతో నిండినదే. అదియుగాక ఇది రాత్రి దీపమునకు వచ్చునది. ముసలితనమున పొలుసులు రాలి వెలవెలబోయిన ఏ శలభమైనను ఇట్టి భ్రాంతిని కలిగింపగలదు. చిరిగిన అంచులు దాని వయసును పట్టియిచ్చును. దసలిపట్టు శలభము సంగతి ఇంకొక రకము. భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్ ప్రాంతమున మద్దిచెట్లమీద పెంచబడు ఈ శలభమునకు ఒక్కొక్క రెక్కలో ఒక్కొక్క గుండ్రని గవాక్షము నిజముగానే పొలుసులులేక స్వచ్ఛముగా నుండును. అయినను విశాలమైన ఆ రంగురెక్కలను చూచి కందిరీగ యని భ్రమపడుట అసంభవము కావున ఇచట ప్రస్తావించి విడుచుట చాలును.

కందిరీగ వేషము ఏల యను ప్రశ్నకు 1862లో పైని పేర్కొనిన బేట్స్ చెప్పిన సమాధానమే నేటికిని ఆధారము. రుచిలేనిదో కుట్టునదో యైన ప్రాణిని ఒకసారి రుచిచూచిన పక్షి దానిరూపమును గుర్తుంచుకొని మరల ముట్టదు. ఆ రూపమును పోలిన నిరపాయప్రాణి ఆ భయమును తనకు రక్షణగా వాడుకొనును. సెసియిడ్లలో ఈ అనుకరణము రూపమునకే పరిమితము కాక నడవడికి కూడ వ్యాపించినది. సుమత్రానుండి 1887లో దొరికిన ఒక్క నమూనావలన మాత్రమే తెలిసియుండిన హెటిరోస్ఫీసియా టావోనోయిడెస్ అను నీలివన్నె జాతిని మలేషియాలో 2013లో మరల కనుగొన్నప్పుడు, అది తేనెటీగలతో కలిసి నదీతీరపు తడినేలమీద వానివలెనే మసలుచుండుట పరిశోధకులు గమనించిరి. నూరేండ్లకు పైగా అది ఎవరికంటను పడకపోవుటకు ఈ వేషము కూడ కొంత కారణము కావచ్చునని నా ఊహ.

పరిశీలనను వ్రాసి పెట్టుకొనుటలో కొన్ని జాగ్రత్తలు అవసరములు. పైనుండి ఒక పటము, ప్రక్కనుండి ఒకటి, మీసములు, వెనుకకాళ్లు, తోకచివర స్పష్టముగా తెలియునట్లు వేరువేరు పటములు, తేదీ, వేళ, వ్రాలిన మొక్క పేరు ఉండవలెను. స్థలము పేరు విషయమున ఈ సీమవారు మరింత మెలకువ వహింపవలెను. చీటీమీద ‘ఘనపూర్’ అని మాత్రమే వ్రాసినచో అది లింగాల ఘనపూరో, అదే జిల్లాలోని స్టేషన్ ఘనపూరో, కాకతీయుల కోటగుళ్లున్న భూపాలపల్లి జిల్లాలోని ఘనపూరో తరువాతివారికి తెలియదు. మొదటి రెండింటికిని పొలములు, పొదలు పరిసరములు కాగా, మూడవది గోదావరి వైపు అడవులకు చేరువైనది. ఏ శలభము ఏ అడవికి చెందినదో తెలియగోరువానికి ఈ భేదము చిన్నది కాదు.

ఇంత జాగ్రత్తపడినను సెసియిడ్ల విషయమున పటముచేత ప్రజాతివరకు పోగలమే గాని జాతిని నిర్ణయించుట తరచుగా సాధ్యముకాదు. జననాంగములను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి గాని నిపుణులు పేరు చెప్పరు. అట్టిచోట కుటుంబమువరకే పేరు వ్రాసి ఊరకుండుట, ఊహించి జాతినామము తగిలించుటకంటె ఎంతో గౌరవప్రదము. నమూనాలు సేకరించుటకు పాశ్చాత్యులు అనుసరించు మార్గము ఆడుశలభపు వాసనతో మగవానిని రప్పించుట. పీచుచెట్ల కాండములను తొలుచు రెండు అమెరికా జాతుల ఆకర్షకద్రవ్యములను 1974లో శాస్త్రజ్ఞులు నిర్ణయించి కృత్రిమముగా తయారుచేసిన పిదప, ఆ ద్రవ్యములకే మరి యెన్నియో సెసియిడ్ జాతుల మగశలభములు కూడ వచ్చుచున్నట్లు తెలిసెను. పల్లెలో ఈ ఎర దొరకనివాడు ఉబ్బిన పొట్లతీగెముక్కను కోసి, తడియిసుక పోసిన కుండలో నిలిపి, మూతికి సన్నని వల కట్టి నీడను ఉంచినచో, పురుగు ఎదిగి జాతినిబట్టి కాండములోనే గాని ఇసుకలో గాని కోశస్థమై, కొన్నాళ్లకు శలభము వెలువడును. అప్పుడు ఆహారపుమొక్క, ఖాళీయైన కోశపు పెంకు, చెక్కుచెదరని శలభము మూడును ఒక్కచోటనే చేతికి చిక్కును.